తమ్ముడి మూలుగ

ఆసుపత్రి,
ఐదో అంతస్తు, అద్దాల గది.

ఒరేయ్ చిన్నోడా,

నువ్వు కొండెక్కేశావు, నేను గదిలో పడ్డాను. నీకక్కడ ఫోను పలకదు. నాకిక్కడ మనుషులు పలకరు, మూతికి మాస్కు కట్టుకుని కళ్ళతోనే మాట్లాడి పోతారు. అందుకే ఈ ఉత్తరం. మీ క్యాంపుకు సరుకులు తెచ్చే జీపు డ్రైవరుని మీ బావ మంచి చేసుకున్నాడు. తన బేకరీ నుంచి రోజూ ఒక రొట్టె లంచం.

ముందు నీ నడుం సంగతి చెప్పు. తుంటి ఎముకలో అన్ని పొడుపులు పొడిపించుకుని, నొప్పి తగ్గీ తగ్గకముందే కరెంటు టవర్లు ఎక్కడానికి పోయిన మొనగాడివి. కొన్నాళ్ళు బరువులెత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది. నా మీద ఒట్టు పెట్టినా నువ్వు వినవని తెలుసు, అయినా పెడుతున్నాను.

నీకు మత్తిచ్చి పడుకోబెట్టారు కాబట్టి ఆ తర్వాతి కథ నీకు తెలీదు. మన ఎముకల లోపల మెత్తగా ఉంటుందే మూలుగ, రక్తం పుట్టేది అక్కడేనట. నాది చెడిపోయింది. మంచి కణాలు చెయ్యడం మానేసి పనికిరాని పిచ్చి కణాలని గుట్టలుగా పోస్తోంది. అందుకని నీ మూలుగ రాకముందే దాన్ని మందులతో మొత్తం చంపేశారు. పాతవాళ్ళని ఖాళీ చేయిస్తే గానీ కొత్తవాళ్ళు దిగలేరు కదా. నోరంతా పుళ్ళు. జుట్టు దువ్వెన దాకా కూడా ఆగలేదు, దిండు మీదే ఊడిపోయింది. ఇన్నేళ్ళు ప్రూఫులు దిద్దినదాన్ని, ఇప్పుడు నేనే తలకట్టు లేని అక్షరాన్ని.

మార్పిడి అంటే పెద్ద ఆపరేషన్ అనుకున్నాను. కత్తులు, దీపాలు, పది మంది డాక్టర్లు. తీరా చూస్తే ఒక నర్సమ్మ ఎర్రటి సంచీ ఒకటి తెచ్చి స్టాండుకు తగిలించింది. "ఇంతేనా?" అన్నాను. "ఇంతేనమ్మా" అంది. మధ్యాహ్నమంతా చుక్కచుక్కగా నా ఛాతీ గొట్టంలోంచి దిగావు. నీ కణాలకి దారి ఎవరూ చెప్పక్కర్లేదట. రక్తంలో తిరిగి తిరిగి, ఎముకలెక్కడున్నాయో వాటంతట అవే వెతుక్కుని దూరతాయట. మన వీధి మలుపు గుర్తుపట్టేసరికి నీకు ఏడేళ్ళొచ్చాయి. నీకన్నా నీ కణాలే నయం.

ఇప్పుడు నా తెల్లకణాలు గుండుసున్న. తుమ్మినా ప్రమాదమే. నీవి నాటుకుని పని మొదలుపెట్టాయో లేదో తెలియాలంటే రెండు మూడు వారాలు ఎదురు చూడాలి. పాపని లోపలికి రానివ్వరు. సాయంత్రం కింద రోడ్డు మీద వాళ్ళ నాన్న భుజాలెక్కి చెయ్యూపుతుంది. ఐదో అంతస్తు నుంచి అది మా పాపేనో కాదో కూడా తెలీదు. ఎవరూపినా నేను తిరిగి ఊపుతున్నాను.

నీ
అక్క


కొండ మీద క్యాంపు.

అక్కా,

నీ ఉత్తరం జీపు డ్రైవరు చేతిలోంచి లాక్కుని బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని చదివాను. మా మేస్త్రీ ఏదో చావు కబురనుకుని టోపీ తీశాడు. "మా అక్క బతికే ఉంది, టోపీ పెట్టుకో" అన్నాను.

నడుం బాగానే ఉంది. ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడు కొంచెం పీకుతుంది. బరువులెత్తడం లేదు. నిజంగానే. మేస్త్రీకి సంగతి తెలిశాక నన్ను నట్లు బిగించే పనిలో పెట్టాడు. ఇక్కడ టవరు మీద నుంచి చూస్తే నాలుగు కొండలు, వాటి మీద మేం నిలబెట్టిన టవర్లు వరసగా కనిపిస్తాయి. ఇంకా తీగలు లాగలేదు. ఉత్త ఇనుప అస్థిపంజరాలు. ఇదివరకు వాటిని చూసి ఏమీ అనిపించేది కాదు.

నా మూలుగు నీకు పట్టిందా లేదా? అదొక్కటి రాయి చాలు. డాక్టరమ్మ నాతో ఏమందో తెలుసా, తోబుట్టువులు నలుగురుంటే ఒకరికి కలవడమే కష్టమట. నువ్వూ నేనూ ఇద్దరమే ఉండి నూటికి నూరు కలిశాం. చిన్నప్పుడు ఒక్క విషయంలోనైనా కలిశామా? నీకు కిటికీ తెరవాలి, నాకు మూయాలి. ఇన్నాళ్ళకి లోపల్లోపల ఒకటేనని తేలింది.

అక్కా, నేను జీవితంలో చేసిన ఒకే ఒక్క మంచి పని ఇది. దాన్ని పాడు చెయ్యకు. తొందరగా లే.

నీ తమ్ముడు


ఇల్లు!
(అవును, ఇల్లే. రెండుసార్లు చదువుకో.)

ఒరేయ్,

నువ్వు నాకిచ్చింది మూలుగ. మూలుగు కాదు. చివర కొమ్ము తీసెయ్. మూలుగు నా దగ్గర కావలసినంత ఉంది.

పట్టింది రా! ఒక పొద్దున డాక్టరమ్మ కాయితం పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదలు. తెల్లకణాలు మొలిచాయి. మర్నాటికి ఇంకొన్ని. ఆ తర్వాత నన్ను గదిలోంచి బయటికి తెచ్చారు, చివరికి ఇంటికే పంపారు. వారానికి రెండుసార్లు వెళ్ళి చూపించుకోవాలి.

ఇంకో తమాషా. నాలో ఉన్న రక్తం నీదా నాదా తేల్చడానికి ఒక పరీక్ష చేశారు. అందులో మగమనిషి రక్తం అని వచ్చింది. నేను అచ్చుతప్పేమో అన్నాను. కాదట, నాలో ఇప్పుడు పుడుతున్నదంతా నీదేనట. నెమ్మదిగా నా గ్రూపు కూడా నీ గ్రూపుకు మారిపోతుందట. మీ బావ రెండు రోజులు నన్ను "బావమరిదీ, కాఫీ తాగుతావా?" అని పిలిచాడు. వంటింట్లోంచి గరిటె విసిరాను. తగల్లేదు, చేతిలో ఇంకా అంత బలం రాలేదు.

పాప మొదటి రోజు నా దగ్గరికి రాలేదు. గుండు చూసి బెదిరింది. తలుపు వెనక నుంచి తొంగి చూసి "మీరెవరు?" అంది. మర్యాదగా, మీరు అని. మూడో రోజుకు వచ్చి నా తల నిమిరి, "గరుగ్గా ఉంది" అని తీర్పు చెప్పింది. ఇప్పుడు ఒళ్ళోంచి దిగదు.

అరచేతుల్లో కొంచెం ఎర్రగా దద్దుర్లు వచ్చాయి. అది మామూలేనట. కొత్త కాపురంలో చిన్న చిన్న గొడవలు మంచివేనంది డాక్టరమ్మ. నువ్వేం కంగారు పడకు.

అక్క


కొండ మీద క్యాంపు.

అక్కా అక్కా అక్కా,

క్యాంపంతా బిస్కట్లు పంచాను. మేస్త్రీ అయితే నన్ను ఎత్తుకున్నాడు. నాకు పేరు కూడా మార్చారు, ఇప్పుడందరూ "దాతగారూ" అంటున్నారు. దాతగారూ, ఆ రెంచి ఇటివ్వండి. దాతగారూ, గిన్నెలు మీరే కడగండి.

మగమనిషి అని వచ్చిందా! ఇన్నాళ్ళూ ఇంట్లో పెత్తనమంతా నీదే, కాయితం మీద ఇప్పుడు ఎక్కింది. మరి జాగ్రత్త, నా రక్తంతో పాటు నా గుణాలు కూడా వస్తాయేమో. పొద్దున లేవబుద్ధి కాకపోతే అది నా వల్లే.

నావాళ్ళు అక్కడ బాగా పని చేస్తున్నారన్నమాట. రాత్రి పడుకున్నప్పుడు ఇదే తలుచుకుంటాను. నేనిక్కడ గుర్రు పెడుతుంటే అక్కడ నావాళ్ళు మా అక్క ఎముకల్లో డ్యూటీ చేస్తున్నారు. ఎంత గర్వంగా ఉంటుందో.

వచ్చే నెల తీగలు లాగడం మొదలు. అది కాగానే సెలవు దొరుకుతుంది. పాపకి ఏం తేను?

నీ తమ్ముడు (దాతగారు)


ఇల్లు.

తమ్ముడికి,

ఈ ఉత్తరం నేను చెబుతుంటే మీ బావ రాస్తున్నాడు. వేళ్ళ చర్మం కాస్త పొట్టు లేచింది, పెన్ను పట్టుకుంటే మండుతోంది. ఇంకేం లేదు. ఆయనకి వత్తులు రావు, సర్దుకో.

నేను బాగానే ఉన్నాను. కళ్ళు కాస్త పచ్చబడ్డాయి, కడుపు సరిగ్గా లేదు. మందుల వేడి. ముఖం బూరెలా ఉబ్బింది, అదీ మందుల వల్లే.

తీగల పని మధ్యలో వదిలేసి రాకు. మేస్త్రీకి ఇబ్బంది. పని పూర్తయ్యాకే రా. పాపకి ఏమీ తేవద్దు.

నీ వాళ్ళు కుశలమే.

అక్క


కొండ మీద క్యాంపు.

అక్కా,

మొన్న మా అందరికీ ఒళ్ళు పరీక్షలు చెయ్యడానికి కంపెనీ డాక్టరు వచ్చాడు. పెద్దాయన. నా తుంటి మీద మచ్చలు చూసి ఏమిటివి అన్నాడు. నేను గొప్పగా చెప్పాను. మా అక్కకి ఇచ్చానండీ, బ్రహ్మాండంగా పట్టిందండీ అన్నాను. ఎలా ఉందిప్పుడు అంటే నీ ఉత్తరం తీసి చూపించాను. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. "చర్మం లేచింది, కళ్ళు పచ్చబడ్డాయి, కడుపు చెడింది" అని తనలో తను అనుకున్నాడు. "ఏమైందండీ?" అన్నాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు.

నా కణాలేనట కదా. నిన్ను కాలుస్తున్నవి, తొలుస్తున్నవి నావేనట.

నువ్వెందుకు చెప్పలేదు? నేనిక్కడ బిస్కట్లు పంచాను. డ్యూటీ చేస్తున్నారని రాశాను. అది చదివి నువ్వేమనుకున్నావు అక్కా? బావ నాకు రాసేటప్పుడు ఆయన చెయ్యి ఎలా ఆడింది?

సంతకం పెట్టించుకునే రోజు డాక్టరమ్మ ఏదో చెప్పింది. ఒక్కోసారి దాత కణాలు తిరగబడతాయి అంది. నేను సూది ఎంత పొడుగుంటుందండీ అని అడిగాను.

రెండు రోజులుగా నేను టవరెక్కలేదు. చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. నా ఒంట్లో ఏ మూలా నొప్పి లేదు. అన్నం సయిస్తోంది. అదే భరించలేకపోతున్నాను.

వెనక్కి తీసుకునే దారి లేదా? అడిగావా?

తమ్ముడు


ఆసుపత్రి,
మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం.

చిన్నోడా,

చేత్తోనే రాస్తున్నాను. కట్టు కట్టిన వేళ్ళ మధ్య పెన్ను ఇరికించుకుని రోజుకు నాలుగు లైన్లు. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి, నీకు అలవాటేగా.

పోయిన ఉత్తరం మీద ఇల్లు అని రాయించాను. అబద్ధం. అప్పటికే ఇక్కడికి వచ్చేశాను. మీ బావ "వద్దు, చెబుదాం" అన్నాడు. నేనే వినలేదు. నువ్వు అంతెత్తున నిలబడి పని చేసేవాడివి. ఇలాంటిది గుండెలో పెట్టుకుని పైకెక్కితే చెయ్యి వణుకుతుందని భయం. అదీ కాక ఇంకో కారణం ఉంది. నీ ఉత్తరాల్లో ఆ సంతోషం నాకు కావాలి. ఇక్కడ అలాంటిది ఎవరి దగ్గరా లేదు.

అవును, నీ కణాలే. వాటి పని కాపలా. నీ ఒంట్లో పుట్టాయి, నీ ఒళ్ళొక్కటే తెలుసు. నా చర్మాన్ని, పేగుల్ని, కాలేయాన్ని చూసి ఇదెవరిది, మనది కాదే అనుకున్నాయి. పరాయిదాన్ని తరమడం మొదలుపెట్టాయి. మనమిద్దరం అక్కాతమ్ముళ్ళమని వాటికి ఎవరు చెబుతారు? నేను పరాయిదాన్నని అనుకున్నది అవి రా, నువ్వు కాదు.

ఇంకో మాట విను. అదే కోపంతో అవి ఆ పిచ్చి కణాల్ని కూడా తరిమాయి. మొన్న పరీక్షలో క్యాన్సరు ఆనవాలే లేదు. నేను దేనికోసం మందులు తాగానో, దేనికోసం గుండయ్యానో, ఆ జబ్బుని నువ్వు నిజంగానే చంపావు. ఆగడం తెలియలేదు, అంతే. వాటిని ఆపే మందులన్నీ వాడారు. ఒకటి కాస్త పని చేసింది, మానేసింది. ఇంకొకటి మొదలుపెడితే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. గొడవ ఆపితే రోగాలొస్తాయి, రోగాలాపితే గొడవ. వెనక్కి తీసుకునే దారి లేదు. అడిగాను.

నువ్వివ్వకపోతే ఏమయ్యేదో కూడా అడిగాను. వానలు మొదలయ్యే లోపే అయిపోయేదట. అప్పటికి పాపకి నేనంటే ఐదో అంతస్తు కిటికీలో ఎవరో ఊపే చెయ్యి. మధ్యలో నెలా పదిహేను రోజులు ఇంట్లో ఉన్నాను. ఆ రోజుల్లో నేను గొప్పగా ఏమీ చెయ్యలేదు. జడలేశాను. బూట్ల తాడు కట్టడం నేర్పాను, రాలేదు. ఒకరోజు గ్లాసుడు పాలు కావాలనే నేల మీద పోసి నా మొహం కేసి చూసింది. వీపు మీద ఒక్కటిచ్చాను. ఏడ్చింది, అలిగింది, మంచం కిందికి దూరింది. అప్పుడు నాకెంత ఆనందం వేసిందో నీకెలా చెప్పను? పిల్లని కసిరేంత ఓపిక వచ్చింది నాకు. మామూలు అమ్మనయ్యాను. ఆ నెలా పదిహేను రోజులు నీవి. ఎవరు ఏమన్నా నీవే.

ఇప్పుడు సెలవు పెట్టు. పని సగంలో ఉన్నా సరే, మేస్త్రీ తిట్టినా సరే. రా.

అక్క


కొండ మీద క్యాంపు.

బావగారికి,

నమస్కారాలు. అక్క దినాలన్నీ అయ్యాక మీకు చెప్పకుండా వచ్చేశాను. పాప నిద్రలో ఉంది. మీరు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మీ పక్క నుంచే దిగి వచ్చాను, మీరు తలెత్తలేదు. చూశారో లేదో తెలీదు.

మీకొకటి చెప్పాలి. ఆ మధ్యాహ్నం మీరు బడి నుంచి పాపని తేవడానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అయిపోయింది. "ఏమైనా అందా?" అని గుమ్మంలోనే అడిగారు. లేదు, నిద్రలోనే పోయింది అన్నాను. అది నిజం కాదు.

మీరు వెళ్ళిన కాసేపటికి కళ్ళు తెరిచింది. అరచేతులు మండుతున్నాయంది. నర్సమ్మ ఇచ్చిన లేపనం నేనే రాశాను. వచ్చినప్పటి నుంచి నేను అక్కని ముట్టుకోలేదు బావగారూ. మీరు గమనించే ఉంటారు. మంచానికి ఆ చివర కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆ రోజు ఎవరూ లేరు, తప్పలేదు. చెయ్యి పట్టుకుంటే కాలుతున్నట్టుంది. నేను ఏడుస్తున్నానని చూసి, "మెల్లగా రుద్దరా, ఇనుం కాదు" అంది. ఊపిరి గట్టిగా తీస్తోంది.

"భయమేస్తోందా నీకు?" అంది.

"ఊ" అన్నాను.

"నాకూ" అంది. "ఆయనతో అనకు."

అనకు అన్న మాట ఇప్పుడు దాటుతున్నాను. ఇది ఒక్కణ్ణీ మోయలేకపోతున్నాను. డాక్టరమ్మని పిలవనా అంటే తల అడ్డంగా ఊపింది. చెయ్యి వదలొద్దంది. వదల్లేదు. మీ అడుగుల చప్పుడు వరండాలో వినిపించేదాకా పట్టుకునే ఉన్నాను. అప్పటికి పోయి ఎంతసేపైందో నాకు తెలీదు.

నిన్న లైనుకి కరెంటిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. పై నెల నుంచి ఇంకో కొండ. నేనూ వాళ్ళతోనే వెళ్ళిపోతున్నాను. మీ ఇంటికి ఏ ముఖం పెట్టుకుని రావాలో తెలియడం లేదు. పాపని బాగా చూసుకోండి. డబ్బు పంపుతుంటాను.

మీ బావమరిది


ఇల్లు, వంటగది.

బావమరిదికి,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. మీ అక్క చెబితే రాసేవాణ్ణి.

గారు అన్నావు, మీరు అన్నావు. పదేళ్ళుగా బావా, నువ్వు అని పిలిచినవాడివి. చదివి బాధేసింది.

ఆమె భయపడిందని తెలిసి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. రొట్టెలు మాడిపోయాయి. నా ముందు ఒక్కసారి కూడా భయపడలేదు. నేను తట్టుకోలేననుకుంది కాబోలు. నిజమే, తట్టుకోలేకపోయేవాణ్ణి. నువ్వు చెయ్యి వదల్లేదు. అది రాసినందుకు ఏమనాలో తెలీదు.

మెట్ల మీద నేను నిన్ను చూశాను. నీ చెప్పులు చూశాను. కావాలనే తలెత్తలేదు.

నిజం చెప్పాలి కదా, చెబుతున్నాను. నాకు నీ మీద కోపంగా ఉంది. నీ తప్పు ఆవగింజంతైనా లేదని తెలుసు. నువ్వు ఇవ్వకపోతే పాపకి అమ్మ గుర్తే ఉండేది కాదని తెలుసు. ఆమె నాకు వందసార్లు చెప్పింది. అన్నీ తెలుసు. కానీ ఆ చివరి వారం నువ్వు ఆ కుర్చీలో కూర్చుని ఉంటే, నీ ఒళ్ళు నిండుగా, చర్మం నున్నగా, నాకు చూడబుద్ధి కాలేదు. మంచం మీద ఆమెని చూసి, నిన్ను చూసి, బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. పాపని తేవడానికి ఆ రోజు మా అమ్మ వెళ్తానంది. నేనే వెళ్తానన్నాను. ఆ గదిలో నీతో కూర్చోలేక. అందుకే చివరిలో నేను లేను. దానికి కూడా నీ మీదే కోపం.

పాప నీ గురించి అడుగుతోంది. మామయ్య టవరు మీద నుంచి మన ఇల్లు కనిపిస్తుందా అంటోంది. రోజూ అడుగుతోంది. నేను తెలీదంటున్నాను.

డబ్బు పంపకు. ఇంకో కొండకి వెళ్ళకముందు రా. కోపం తగ్గాక రాద్దామని వారం రోజులు ఈ కాయితం పక్కన పెట్టాను. తగ్గలేదు. అయినా రా.

బావ